వరసలో ముందావిడ

నవంబర్ 6

తమ్ముడికి దీవెనలు.

నిన్న లైఫ్ సర్టిఫికెట్ కోసం పెన్షన్ ఆఫీసుకి వెళ్ళొచ్చాను. ఇవాళ కాళ్ళు రెండూ పీక్కుపోతుంటే మంచం దిగలేదు. కాబట్టి ఈ ఉత్తరంలో సగం తిట్లే ఉంటాయి, ఓపిగ్గా చదువు. ఫోన్లోనూ తిట్టొచ్చు. కానీ నువ్వేం జవాబు చెప్పావో నాకు వినపడదు, తిట్టిన తృప్తి మిగలదు. ప్రభుత్వ ముద్రణాలయంలో ఆ మిషన్ల పక్కనే కూర్చుని జీవితమంతా ప్రూఫులు దిద్దినందుకు ప్రభుత్వం నాకు పెన్షన్‌తో పాటు చెవుడు కూడా ఇచ్చింది.

పొద్దున్నే వెళ్ళాను. అప్పటికే వరస మెట్లు దిగి సైకిల్ స్టాండు దాకా సాగింది. పెన్షన్ నంబర్ల ప్రకారం నిలబెడతారు కదా, నా ముందు మామూలుగానే ముందావిడ ఉంది. ఆవిడ తూనికలు కొలతల ఆఫీసులో చేసి, నేను రిటైరైన నెలలోనే రిటైరైంది. అందుకే మా నంబర్లు పక్కపక్కనే. బజారులో ఏ తక్కెడనీ నమ్మదు. నేను ముందావిడా అంటాను, ఆవిడ నన్ను వెనకావిడా అంటుంది. ఇన్నేళ్ళయ్యాక ఇప్పుడు పేరడిగితే ఏం బాగుంటుంది? ఆవిడా అడగలేదు. ఏడాదికి ఒక్కరోజు, ఆ వరసలో, ఏడాది కబుర్లూ చెప్పుకుంటాం. ఆవిడ గొంతు ఆ వీధి చివర దాకా వినపడుతుంది, నా చెవికి అది సరిగ్గా సరిపోతుంది.

కిటికీలో గుమాస్తా నా ఫోటో చూసి, నన్ను చూసి, "మీరేనా?" అన్నాడు. ముందావిడ వెనక్కి తిరిగి, "పోయినేడూ ఆవిడేనయ్యా, కాస్త అరిగింది, అంతే" అంది. వరసంతా నవ్వింది.

నవ్వుకేం గానీ, ఇంకో ఏడు ఇలా నిలబడటం నా వల్ల కాదు. తమ్ముడు రాజధానిలో పెద్ద ఆఫీసులో ఉన్నాడని చెప్పుకోవడమే తప్ప నాకు ఒరిగిందేముంది? ఒక్కసారి వచ్చి చూస్తే నీకే తెలుస్తుంది.

నీ అక్క

నవంబర్ 24

అక్కకు నమస్కారం.

నీ ఉత్తరం సరైన వేళకి చేరింది. మా విభాగం సంగతి నీకు తెలుసు కదా. ముంచుకొస్తున్న మార్పులకి ప్రభుత్వాన్ని ముందుగా సిద్ధం చెయ్యాలని మా నలుగురినీ ఒక గదిలో కూర్చోబెట్టారు. అది ఇదివరకు విరిగిన కుర్చీలు పడేసే గది. ఇప్పటికీ ఎవరో ఒకరు కాలు ఊడిన కుర్చీ తెచ్చి మా గుమ్మంలో పెట్టి పోతుంటారు.

మొదట ఏ సేవని మార్చాలో తేల్చమని పెద్దసారు మీటింగు పెట్టారు. ఒకరు లైసెన్సులన్నారు, ఒకరు భూముల రికార్డులన్నారు. నేను నీ ఉత్తరం తీసి చదివాను. నన్ను తిట్టిన భాగం వదిలేశాననుకో. బతికున్నామని నిరూపించుకోవడానికి ముసలివాళ్ళని ఎండలో నిలబెడుతున్నామా అన్నారు పెద్దసారు. అదే మొదటి పని అని తేలిపోయింది.

వచ్చే నవంబర్‌కి నువ్వు గుమ్మం దిగక్కర్లేదు. ఇది నా మాట. నీకు రాయడం సులువుగా ఉంటుందని మా గది చిరునామా అచ్చేసిన కవర్లు ఒక కట్ట పంపుతున్నాను. స్టాంపులు కూడా అంటించాను.

ఇక్కడ నాకు పని తప్ప వేరే వ్యాపకం లేదు. అది మాత్రం కావలసినంత ఉంది.

నీ తమ్ముడు

జనవరి 11

ఒరేయ్ తమ్ముడూ,

నా తిట్లని మీటింగులో చదివావా? సిగ్గు లేకపోతే సరి. నా అక్షరదోషాలు దిద్ది చదివావని ఆశిస్తాను. ప్రూఫులు దిద్దేదాని ఉత్తరంలో తప్పులుంటే పరువు పోతుంది.

మొత్తానికి ఆ కిటికీని బాగుచేస్తారన్న మాట! ఇంకో గుమాస్తాని వెయ్యండి. సైకిల్ స్టాండు దాకా నీడకి ఒక రేకు దించండి. మీ గదిలో కుర్చీలున్నాయిగా, కాళ్ళు బిగించి నాలుగు ఇటు పంపు. కూర్చుంటే ముందావిడ ఇంకా ఎక్కువ మాట్లాడుతుంది, దానికి నేను సిద్ధమే. మా తమ్ముడే చేయించాడని నవంబర్లో చెప్తాను, నమ్మదు చూడు. కుర్చీ కూడా తూచి చూస్తుంది.

నా మేడగది కింద దర్జీ కొత్త మిషన్ కొన్నాడు. కుట్టినంతసేపూ నేల సన్నగా వణుకుతుంది. చెవికి వినపడకపోయినా అరికాళ్ళకి తెలుస్తుంది. మనిషి ఉన్నాడన్న ధైర్యం. అతను కొట్టు మూసేస్తే ఇల్లంతా చప్పబడిపోతుంది.

ఎండలు ముదరకముందే ఒకసారి రాకూడదూ?

నీ అక్క

జూలై 2

అక్కకు నమస్కారం.

ఎండలు ముదిరి, వానలు కూడా పడ్డాక జవాబు రాస్తున్నాను. క్షమించు. ఈ ఆరు నెలలూ తల ప్రాణం తోకకొచ్చింది. కానీ పని పూర్తయింది.

కుర్చీలు పంపనక్కర్లేదక్కా. అసలు కిటికీయే ఉండదు. ఇకనుంచి మనిషి వచ్చి బతికున్నానని చెప్పుకోనక్కర్లేదు. ఇంట్లో కరెంటు వాడుతున్నారా, కుళాయి తిప్పుతున్నారా, మందుల షాపులో మందులు కొన్నారా, ఇలాంటి ఆనవాళ్ళన్నీ కూడగట్టి యంత్రమే తేల్చుకుంటుంది. వద్దనుకున్నవాళ్ళు వద్దని రాసివ్వవచ్చు. యంత్రం తప్పు చేస్తే జవాబు చెప్పేదెవరని పెద్దసారు గట్టిగా అడిగారు. దాని మాట మీద ఒక్కరి పెన్షన్ కూడా ఆగకూడదు, అనుమానం వస్తే మనిషి వెళ్ళి చూసి తీరాలి అని నియమం రాయించాను. కిటికీలో గుమాస్తాకి వేరే పని నేర్పించి పంపాము. ఎవరి ఉద్యోగమూ పోలేదు.

మార్పు మీద పడ్డాక పరుగెత్తడం ప్రభుత్వాలకి అలవాటు. ఈ ఒక్కసారి మేము ముందే నిలబడ్డాం. అది నీ ఉత్తరం చలవే. చాలా ఏళ్ళ తర్వాత, చేసిన పనికి నాకు సంతోషంగా ఉంది.

నీ తమ్ముడు

ఆగస్టు 9

తమ్ముడికి దీవెనలు.

మంచి పని చేశావు. సంతోషం.

ఇంతకుమించి ఏం రాయాలో తెలియక ఈ కాగితం నాలుగు రోజులు బల్ల మీదే ఉండిపోయింది. అయితే వరసే ఉండదన్న మాట. సరే. అందరికీ మేలేగా.

కరెంటు సంగతి రాశావు కాబట్టి చెప్తున్నాను. అప్పట్నుంచీ వరండాలో లైటు వేసే ఉంచుతున్నాను, పగలు కూడా. అక్కడ కూర్చుని అక్క బాగానే ఉందని నువ్వు చూసుకుంటావు కదా. దర్జీ పైకొచ్చి, "అమ్మా, లైటు ఆర్పడం మర్చిపోయారు" అన్నాడు. మర్చిపోలేదయ్యా, మా తమ్ముడి కోసం అన్నాను. అతను మళ్ళీ ఏదో అన్నాడు, నాకు వినపడలేదు.

పొద్దున్న కుళాయి తిప్పేటప్పుడు కూడా నువ్వే గుర్తొస్తావు.

నీ అక్క

ఆగస్టు 27

అక్కకు నమస్కారం.

లైటు ఆర్పెయ్యక్కా. చూసేది నేను కాదు, యంత్రం. ఎవరి ఇంటి వివరమూ మా కంటికి కనపడదు, అలా పకడ్బందీగా కట్టించాం. అది నీ లైటుని విడిగా చూడదు, నెల మొత్తం లెక్క చూస్తుంది. ఊరికే బిల్లు పెంచుకోకు.

ఈ నెలంతా మీటింగులే. మళ్ళీ వివరంగా రాస్తాను.

నీ తమ్ముడు

నవంబర్ 8

తమ్ముడూ,

వెళ్ళనక్కర్లేదని తెలిసి కూడా వెళ్ళాను. మా నంబర్లు పిలిచే రోజు అదేగా. ఇస్త్రీ చీర కట్టుకుని, గొడుగు పట్టుకుని వెళ్ళాను.

కిటికీకి చెక్క బిగించేశారు. కింద పూలకుండీలు పెట్టారు. వాచ్‌మన్ లేచి వచ్చి, నా చెవికి అందేలా, "మీరు రానక్కర్లేదమ్మా, అంతా అదే చూసుకుంటుంది" అన్నాడు. పాపం, మంచివాడే. నాకేదో బహుమానం ఇస్తున్నట్టు చెప్పాడు. ఇంత దూరం వచ్చాను, కాసేపు కూర్చుని పోతానన్నాను. ఆఫీసు మూసేదాకా మెట్ల మీద కూర్చున్నాను. ముందావిడ రాలేదు.

మర్నాడు తూనికల ఆఫీసుకి వెళ్ళాను, ఎవరైనా పాతవాళ్ళుంటే అడుగుదామని. ఆ ఆఫీసుని దేనిలోనో కలిపేశారట. హాల్లో గోడకి ఒక తెర ఉంది. మీకు ఏ సేవ కావాలి అని అడిగింది. కింద బొమ్మలన్నీ చూశాను. నాకు కావలసింది వాటిలో లేదు.

ఆవిడ ఇల్లెక్కడో నాకు తెలియదు. పేరు కూడా తెలియదు. నా నంబరుకి ముందు నంబరు, అంతే. మీ దగ్గర అన్నీ ఉన్నాయిగా, కనుక్కుని చెప్పు.

ఇంకొక మాట రాయకూడదనుకున్నాను, రాసేస్తున్నాను. పోయినేడు కాళ్ళు నొప్పులని అంత రాద్ధాంతం చేసింది కిటికీ తీసెయ్యమని కాదు. నువ్వు జాలిపడి ఒక్కసారి వస్తావేమో, తోడుగా నా పక్కన నిలబడతావేమో అని. నువ్వు వరసే తీసేశావు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టినట్టు చేశావు.

నీ అక్క

నవంబర్ 27

అక్కా,

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. ఈసారి ఎవరికీ చదివి వినిపించలేదు.

నువ్వడిగింది నేను చెయ్యలేను. చెయ్యడం చేతకాక కాదు, చెయ్యకూడదు. ఒకాయన మా దగ్గరికొచ్చి, దూరంగా ఉన్న భార్య క్షేమంగా ఉందో లేదో తెలిస్తే చాలన్నాడు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. మా వాళ్ళు కరిగిపోయారు, చెప్పబోయారు కూడా. ఆవిడ అతని దెబ్బలు పడలేక పారిపోయిన మనిషని ఆఖరి నిమిషంలో తెలిసింది. ఆ రోజే నేను నియమం రాశాను. ఒకరి సంగతి మరొకరికి చెప్పకూడదు, ఎంత మంచి కారణమున్నా సరే, నా సొంతవాళ్ళడిగినా సరే. నీ కోసం దాన్ని దాటితే రేపు ఇంకొకరు ఇంకొకరి కోసం దాటుతారు.

నువ్వు రాసినదాన్ని ఫిర్యాదు అనుకున్నానక్కా. ఫిర్యాదైతే ఏం చెయ్యాలో నాకు తెలుసు. ఇన్నేళ్ళుగా ఒంటరిగా ఉండి ఉండి నాకు అది అలవాటైపోయింది. మనిషికి కావలసినవి గుమ్మం దగ్గరికి చేరిస్తే చాలనుకున్నాను. నా గుమ్మానికి అన్నీ చేరుతున్నాయి. ఆదివారాలు నేను ఒక్క మాట కూడా మాట్లాడను.

మీటింగులో చెప్పాను, ఏదైనా తీసేసే ముందు అక్కడికి జనం ఇంకా దేనికోసం వస్తున్నారో కనుక్కోవాలని. మా ఇంజినీరమ్మాయి రాసుకుని, "దీన్ని ఎలా లెక్కపెడదాం సార్?" అని అడిగింది. ఎగతాళికి కాదు, నిజంగానే. జనాన్నే అడిగే ప్రయత్నం చేస్తున్నాను. ఏమవుతుందో చూడాలి.

నీ తమ్ముడు

డిసెంబర్ 9

తమ్ముడూ,

ఆ పారిపోయిన ఆవిడ సంగతి చదివాక నీ మీద కోపం సగం పోయింది. నీ నియమం మంచిదే. చిరునామా వద్దు. పేరూ వద్దు.

ఒక్కటే చెప్పు. ఉందా, లేదా?

నిన్ను ఇబ్బంది పెట్టకుండా ఉపాయం ఆలోచించాను. ఉంటే నీ ఉత్తరంలో ఎక్కడో ఒకచోట ఆవిడ ప్రస్తావన తే. ఎలా తెచ్చినా సరే, నేను అర్థం చేసుకుంటాను. లేకపోతే అసలు ఆ ఊసే ఎత్తకు. వాన గురించో, ఆఫీసు గురించో రాయి. నువ్వు నాకేమీ చెప్పినట్టు కాదు.

ఎందుకింతగా అడుగుతున్నానో నీకు తెలుసు, నాకు వేరే ఎవరున్నారు? ముద్రణాలయం వాళ్ళు తలోదిక్కూ అయ్యారు. చెవిటి ముసలిదానితో గొంతు చించుకోవడానికి ఎవరికి ఓపిక ఉంటుంది? ఆవిడ గొంతు చించుకోనక్కర్లేదు. నేను మళ్ళీ చెప్పమని అడగక్కర్లేని మనిషి ఈ ఊళ్ళో ఆవిడ ఒక్కతే.

ఎదురు చూస్తుంటాను.

నీ అక్క

డిసెంబర్ 12

అక్కకు నమస్కారం.

శుభవార్త, అందుకే నీ జవాబు రాకముందే రాస్తున్నాను. మీ పెన్షన్ ఆఫీసులో ఆ కిటికీ మళ్ళీ తెరుస్తున్నారు. ప్రయోగంగా ఒక్క వారమే, ఫిబ్రవరి మొదటి సోమవారం నుంచి శనివారం మధ్యాహ్నం ఒంటిగంట దాకా. వచ్చి తీరాలని ఎవరికీ లేదు, రావాలనుకున్నవాళ్ళు రావచ్చు. ఆఫీసు బయట నోటీసు కూడా అంటిస్తున్నారు. బెంచీలు వేయిస్తున్నాను. ఎంతమంది వస్తారో చూసి తర్వాత సంగతి తేలుస్తారట.

ఇక్కడ వానలు వదలడం లేదు. మా విభాగాన్ని వేరే భవనంలోకి మారుస్తున్నారు, సామాను సర్దుడుతో ఒళ్ళు హూనమైంది. విరిగిన కుర్చీలని మాతో తీసుకెళ్ళాలా వద్దా అని పెద్ద చర్చ జరిగింది. కొత్త చిరునామా కింద రాశాను. ఇకమీదట దానికే రాయి.

తప్పకుండా కిటికీ దగ్గరికి వెళ్ళు.

నీ తమ్ముడు

డిసెంబర్ 30

తమ్ముడికి,

అర్థమైంది. నా ఉత్తరం అందనట్టే నటించి, వాన గురించి రాశావు, ఆఫీసు గురించి రాశావు. నీ నియమమూ తప్పలేదు, నా మాటా తీసెయ్యలేదు. పాపం, ఎంత నలిగిపోయి రాసి ఉంటావో.

ఎలా పోయిందో, దగ్గర ఎవరైనా ఉన్నారో లేదో. అడగను. పేరు తెలియని మనిషి కోసం ఎలా ఏడవాలో నాకు తెలియలేదు. ముందావిడా, ముందావిడా అనుకుంటూ ఏడ్చాను. దర్జీకి వినపడినట్టుంది, మిషన్ ఆపేశాడు. అరికాళ్ళకి తెలిసింది.

నన్ను ఊరడించడానికి కిటికీ తెరిపించావు. నీ మంచితనం. కానీ నేను వెళ్ళను. అక్కడ నిలబడితే నా ముందు ఖాళీగా ఉంటుంది.

నువ్వు పంపిన కవర్లు ఇంకా మిగిలే ఉన్నాయి. స్టాంపులంటించినవి పారెయ్యడమెందుకని అందులోనే వేస్తున్నాను. పాత చిరునామా అయితేనేం, చేరితే చేరుతుంది. చేరకపోయినా ఫరవాలేదు, ఇందులో కొత్తగా నీకు తెలియంది ఏముంది?

నీ అక్క

ఫిబ్రవరి, శనివారం
నీ తలుపు దగ్గర

అక్కా,

రెండోసారి వచ్చాను, నీ ఇల్లు ఇంకా తాళం వేసే ఉంది. బజారుకి వెళ్ళావని దర్జీ చెప్పాడు. బజారంతా తిరిగాను, పిలిచాను కూడా. పిలిస్తే నీకు వినపడదని తర్వాత గుర్తొచ్చింది. అతని దగ్గరే కాగితం అడిగి రాస్తున్నాను. ఇది తలుపు కింద తోస్తాను. నువ్వు కనపడగానే పంపమని అతనికీ చెప్పాను.

ఆవిడ ఉంది. ముందావిడ ఉంది. నేను ఏ యంత్రంలోనూ చూడలేదు, నా రెండు కళ్ళతో చూశాను.

నీ రెండు ఉత్తరాలూ పాత గదిలో పడున్నాయి. నిన్న ఒకతను కుర్చీ పడెయ్యడానికి వెళ్ళి, అవి చూసి, రెండూ ఒకేసారి తెచ్చిచ్చాడు. ఉందా లేదా అని నువ్వడిగిన సంగతే నాకు తెలియదక్కా. వాన పడుతోందని రాశాను, నిజంగా పడుతోంది కాబట్టి. ఆ ఉత్తరాలు చదివి, నిలబడ్డవాణ్ణి నిలబడ్డట్టే బస్సెక్కాను.

ముందు ఇక్కడికే వచ్చాను. తాళం చూసి, ఎందుకో కిటికీ దగ్గరికి వెళ్ళాను. వారం మొత్తానికి వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మందే వచ్చారట. బెంచీ మీద ఒక్కావిడ కూర్చుని ఉంది. గుమాస్తాతో మాట్లాడుతోంది, వీధిలోకి వినపడుతోంది. ఆ గొంతు విని నాకు అడగాల్సిన పనే లేకపోయింది. పక్కన కూర్చుని, నేను మీ వెనకావిడ తమ్ముణ్ణండీ అన్నాను.

చాలాసేపు నా మొహంలోకి చూసింది. నవంబర్లో నువ్వు వెళ్ళిన రోజున ఆవిడకి కంటి ఆపరేషనట. తర్వాత వచ్చి చూస్తే చెక్క కొట్టి, పక్కన ఈ వారం సంగతి నోటీసు అంటించి ఉందట. ఈ సోమవారం నుంచీ రోజూ వస్తోంది. రెండు బస్సులు మారి వస్తోంది.

"రోజుకి రోజూ చూశాను బాబూ. వారమంతా రాలేదంటే పోయిందనే అనుకున్నా" అంది.

"మరి ఇవాళ ఎందుకొచ్చారండీ?" అన్నాను.

"ఇంకెక్కడికి వెళ్ళను?" అంది.

మా అక్క ఇంటికి రండి అంటే, ముక్కూమొహం తెలియని మగవాడి వెంట ఎలా వస్తానయ్యా, నిజంగా ఉంటే ఆవిణ్ణే తీసుకురా అంది. నిజమే కదా. పేరు నేనడగలేదు. అది నువ్వే అడుగు. ఒంటిగంటకి కిటికీ మూసేస్తారు, ఆవిడ బస్సూ అప్పుడే. వచ్చే ఏడు ఈ కిటికీ ఉంటుందో లేదో నేను మాటివ్వలేను. ఇంత తక్కువ మంది వచ్చారని ఎల్లుండి నేనే రాసిపెట్టాలి.

అందుకే ఇక్కడ కూర్చోకుండా మళ్ళీ అక్కడికే పోతున్నాను. నువ్వొచ్చేదాకా నీ చోట, ఆవిడ వెనకాల, నేను నిలబడతాను. గొడుగూ చీరా చూసుకోకు. ఎలా ఉన్నదానివి అలాగే వచ్చి, నన్ను పక్కకి తొయ్యి.

నీ తమ్ముడు